ఐదున్నర అడుగుల బెడ్డా, ఆరున్నరా? 26 అడుగుల ట్రావెల్ ట్రైలర్ లాగాలి

ఫ్రిస్కో_శ్రీను | శనివారం, ఉదయం 9:12

అందరికీ నమస్కారం. మూడేళ్ళుగా అనుకుంటున్నది ఈ ఏడాది చేసేస్తున్నాం. ట్రావెల్ ట్రైలర్, అంటే ట్రక్ వెనక తగిలించే చక్రాల ఇల్లు, చూసుకున్నాం. మొత్తం పొడుగు 26 అడుగులు, ఖాళీగా 5,400 పౌండ్లు, సామానుతో కలిపి 7,000 దాటకూడదని దాని మీద రాసి ఉంది. ఇప్పుడు లాగే ట్రక్ కావాలి. ఫోర్డ్ ఎఫ్-150, నాలుగు తలుపులది, 3.5 ఎకోబూస్ట్ ఇంజిన్. అంతవరకూ ఇంట్లో గొడవ లేదు.

గొడవంతా ట్రక్ వెనక సామాను బెడ్ దగ్గరే. డీలర్ దగ్గర రెండు బళ్ళున్నాయి. ఒకటి లారియట్ అనే ఖరీదైన రకం, ఐదున్నర అడుగుల బెడ్, పైన పెద్ద గాజు రూఫు, నా భార్యకు తెగ నచ్చింది. రెండోది ఎక్స్‌ఎల్‌టీ, ఆరున్నర అడుగుల బెడ్, గుడ్డ సీట్లు. "ఏది తీసుకున్నా 13 వేల పౌండ్లు లాగేస్తుంది సార్, మీ ట్రైలర్ దానికి లెక్కే కాదు" అన్నాడు సేల్స్ అతను.

మేం నలుగురం, పిల్లలకు 12, 9 ఏళ్ళు. ఖమ్మం నుంచి మా అమ్మ వస్తోంది, ఆరు నెలలు ఉంటుంది. బయటి తిండి ముట్టదు, అందుకే వంటగది వెంట తీసుకెళ్ళే ఆలోచన. స్ప్రింగ్ బ్రేక్‌లో టెక్సాస్‌లోని బిగ్ బెండ్ పార్కు, వేసవిలో మోంటానాలోని గ్లేసియర్ పార్కు.

పొడుగు బెడ్ వల్ల ట్రైలర్ లాగడంలో నిజంగా తేడా ఉంటుందా, లేక సామాను పట్టడానికేనా?

---

బే_ఏరియా_బాబ్జీ | 9:40

అన్నా, ట్రక్కూ ట్రైలరూ కలిపి పెట్టే డబ్బుతో ఇరవై ఏళ్ళు హోటళ్ళలో ఉండొచ్చు. ఊరికే అంటున్నా 🙂

---

ఫ్రిస్కో_శ్రీను | 9:44

హోటల్ గదిలో మా అమ్మ పప్పుచారు ఎక్కడ పెడుతుంది బాబ్జీ? పోయినసారి గదిలో తాలింపు వేస్తే ఫైర్ అలారం మోగి అంతస్తంతా ఖాళీ చేయించారు.

---

హైవే_బాబాయ్ | 10:25

శ్రీనూ, పదకొండేళ్ళుగా లాగుతున్నాను, ఇది మూడో ట్రక్. నీ ప్రశ్నకు జవాబు చెప్తాను కానీ ముందు ఇంకో పని చెయ్యి. రెండు బళ్ళకూ డ్రైవర్ తలుపు తెరువు. తలుపు మూసుకునే స్తంభం మీద పసుపు గీతలున్న స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను అంతా కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని దాని మీద ఉంటుంది. అదీ పేలోడ్. ఆ రెండు అంకెలు తెచ్చి ఇక్కడ పెట్టు. సేల్స్ అతను చెప్పిన 13 వేలు మర్చిపో. ఆ అంకెను చేరేలోపే పేలోడ్ నిన్ను ఆపేస్తుంది.

ఇక బెడ్ సంగతి. 2021 నుంచి వస్తున్న నాలుగు తలుపుల ఎఫ్-150లో ఐదున్నర బెడ్డుకు వీల్‌బేస్ (ముందు చక్రం నుంచి వెనక చక్రానికి దూరం) 145 అంగుళాల పైచిలుకు, ఆరున్నర బెడ్డుకు 157 పైచిలుకు. బండి మొత్తం పొడుగు 231.7 అంగుళాలు ఒకటి, 243.5 మరొకటి. తీసివేత చేసి చూడు. బండి పెరిగింది సుమారు 12 అంగుళాలు, వీల్‌బేస్ పెరిగిందీ అంతే. అంటే పెరిగినదంతా ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్యలోనే పెరిగింది. వెనక ఇరుసు నుంచి ట్రైలర్ తగిలించే హిచ్ బాల్ దాకా ఉండే దూరం మారలేదు.

ట్రైలర్ పక్కకు తోసినప్పుడు ఆ తోపు ట్రక్ తోక మీద పడుతుంది. తోక పొడుగు అలాగే ఉండి నడుము పొడుగైతే ముందు చక్రాలను అంత తేలిగ్గా కదిలించలేదు. నువ్వు అడిగిన తేడా అదే. సామాను పట్టడం తర్వాతి మాట.

---

వరంగల్_రాజు | 10:58

బాబాయ్ చెప్పింది కరెక్టే కానీ శ్రీను అన్నను భయపెట్టొద్దు. నాది చిన్న బెడ్, రామ్ 1500, 5 అడుగుల 7 అంగుళాలది. 27 అడుగుల ట్రైలర్ నాలుగేళ్ళుగా లాగుతున్నా. పాత లెక్క ఒకటుంది: 20 అడుగుల ట్రైలర్‌కు 110 అంగుళాల వీల్‌బేస్, ఆపైన ప్రతి అడుగుకూ నాలుగు అంగుళాలు. ఆ లెక్కన 145 అంగుళాలకు 28 అడుగుల పైన వస్తుంది. 26 హాయిగా లాగొచ్చు.

ఒక్క సలహా. ట్రైలర్ తగిలించి ఉండగా టెయిల్‌గేట్, అదే బెడ్ వెనక తలుపు, తెరవకు. సరిగ్గా ట్రైలర్ ముందుండే జాక్ మీద పడుతుంది. బెడ్ ఎంతున్నా ఇదే కథ. నాది సొట్ట పడింది.

---

హైవే_బాబాయ్ | 11:06

రాజూ, ఆ లెక్క నాకూ తెలుసు. నోటి లెక్క అది, కంపెనీ వాళ్ళది కాదు. ట్రైలర్ ఎత్తెంత, పక్క గాలి ఎంత, బరువు ఎక్కడ పెట్టావు అన్నవి అందులో లేవు. నువ్వు లాగేది ఎక్కువగా తూర్పు టెక్సాస్ చెట్ల మధ్య. శ్రీను బిగ్ బెండ్ అంటున్నాడు. ఐ-20 హైవే మీద పడమటికి పోతే గాలికి అడ్డు వచ్చే చెట్టు కూడా ఉండదు.

---

విజయ_శాన్‌ఆంటోనియో | మధ్యాహ్నం 12:31

మా ఇంట్లో ట్రక్ నడిపేది నేనే కాబట్టి రోజువారీ సంగతి చెప్తాను. ట్రైలర్ లాగేది ఏడాదికి ముప్పై రోజులైతే మిగతా రోజులన్నీ స్కూలు, ఇండియన్ స్టోర్, గుడి. మాది ఆరున్నర బెడ్. ఉగాది రోజు గుడి పార్కింగ్‌లో ఒక్కసారికి తిరగదు, రెండుసార్లు వెనక్కీ ముందుకీ ఆడించాలి. గీతల మధ్య పట్టదు, ముక్కో తోకో బయటే ఉంటుంది. కానీ ఐదున్నర బెడ్ బండి కూడా 19 అడుగుల పైనే కదా, దానికీ గీత దాటడం తప్పదు. కొత్తలో నెల రోజులు విసుగొచ్చింది, తర్వాత చివరి వరుసలో పెట్టి నడవడం అలవాటైంది.

శ్రీను గారూ, గరాజ్ కొలిచారా? మీ వైపు వడగళ్ళ సంగతి తెలిసిందే.

---

ఫ్రిస్కో_శ్రీను | 1:15

కొలిచాను విజయ గారూ. తలుపు నుంచి గోడకు 20 అడుగుల 9 అంగుళాలు. అంటే 249. పొడుగు బండి పెడితే ఐదున్నర అంగుళాలు మిగులుతుంది. కానీ ఆ గోడకు కాస్ట్‌కో సరుకుల అరలున్నాయి, 16 అంగుళాల వెడల్పు. "ట్రక్ కోసం నా అరలు పీకేస్తావా" అని అప్పుడే మొదలైంది.

బాబాయ్, స్టిక్కర్లు చూసొచ్చాను. లారియట్ చిన్న బెడ్ 1,480. ఎక్స్‌ఎల్‌టీ పొడుగు బెడ్ 1,790. ఇంత తేడా ఏంటి? పొడుగు బెడ్ వల్లేనా?

---

హైవే_బాబాయ్ | 1:50

కాదు, ఆ పొరపాటు చాలామంది పడతారు. బెడ్ పొడుగైతే బండి బరువు పెరుగుతుంది, అందువల్ల పేలోడ్ తగ్గనూ వచ్చు. నీ విషయంలో తేడా తెచ్చింది గాజు రూఫు, మోటారు సీట్లు, పెద్ద చక్రాలు లాంటివి. అవన్నీ కంపెనీ ముందుగానే నీ బరువులోంచి ఖర్చు పెట్టేసింది. ఒకే మోడల్, ఒకే రంగు బళ్ళు రెండు పక్కపక్కన ఉన్నా స్టిక్కర్ వేరుగా ఉండొచ్చు. బ్రోషర్ నమ్మొద్దు.

ఇప్పుడు నీ లెక్క వేద్దాం. ఖాళీ బరువు 5,400 అన్నావు. గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీ, పరుపులు, పాత్రలు, మీ అమ్మగారి రుబ్బురోలు, కొంచెం నీళ్ళు కలిస్తే 6,600 అనుకో. నీళ్ళు తేలిక అనుకోవద్దు, గ్యాలనుకు 8 పౌండ్ల పైన. అందులో 13 శాతం హిచ్ మీద పడుతుంది, అంటే 858. బరువును ఇరుసులన్నిటికీ పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ ఇనుమే 90 ఉంటుంది. నువ్వు 180, మీ ఆవిడ 140 (తిట్టుకోవద్దని చెప్పు), పిల్లలిద్దరూ 190.

మొత్తం 1,458.

లారియట్‌లో 22 పౌండ్లు మిగిలింది. 20 పౌండ్ల సోనా మసూరి సంచి ఒకటి ఎక్కిస్తే మిగిలేది రెండే. మీ అమ్మగారు ఎక్కితే వంద పైన దాటిపోయావు, ఇంకా బెడ్‌లో ఒక్క సామాను కూడా వేయలేదు. అదే ఎక్స్‌ఎల్‌టీలో అమ్మగారితో సహా 200 మిగులుతుంది.

---

వరంగల్_రాజు | 2:20

ఇక్కడ నాదో అభ్యంతరం. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ బిగిస్తే ఆ 858లో కొంత తిరిగి ట్రైలర్ ఇరుసుల మీదకు పోతుంది. అంతా ట్రక్ మీదే వేసి లెక్క కట్టడం అన్యాయం.

---

హైవే_బాబాయ్ | 2:34

పోతుంది, కాదనను. వంద దాకా తగ్గొచ్చు. కానీ అది బళ్ళను తూచాక తెలిసే సంగతి. కొనకముందు కాగితం మీద దాన్ని వాడుకుంటే రేపు బెడ్‌లో వేసే జనరేటర్‌కు చోటుండదు. నేనైతే మొత్తం వేస్తాను, మిగిలితే సంతోషిస్తాను.

---

తెనాలి_టు_తల్సా | 4:05

హిచ్ మీద బరువంటే గుర్తొచ్చింది. మా తాతకు ఎడ్లబండి ఉండేది. ధాన్యం బస్తాలు వేసేటప్పుడు ఇరుసుకు కొంచెం ముందుకు వేయించేవాడు. వెనక బరువెక్కితే కాడి పైకి లేస్తుంది, ఎద్దుల మెడ కింద తాడు బిగుసుకుంటుంది. మరీ ముందుకు వేస్తే మెడ కుంగుతుంది. మనవాళ్ళు ఎప్పుడో కనిపెట్టిన సంగతికి ఇక్కడ టంగ్ వెయిట్ అని పేరు, 10 నుంచి 15 శాతం అని అంకె.

ఇంత తెలిసీ నేను చేసిన బుద్ధితక్కువ పని వినండి. అప్పట్లో నాకు ట్రక్ లేదు, వీల్‌బేస్ పొట్టిగా ఉన్న ఎస్‌యూవీ. 23 అడుగుల ట్రైలర్. నాలుగు సైకిళ్ళు ట్రైలర్ వెనక బంపర్‌కు స్టాండ్ పెట్టి కట్టాను. వెనకవైపు ఉన్న మురికినీళ్ళ ట్యాంకు నిండా ఉంది, ఖాళీ చేయడానికి బద్ధకించాను. అమరిల్లో దాటాక ఐ-40 మీద పద్దెనిమిది చక్రాల ట్రక్ ఒకటి పక్కనుంచి దాటింది. ముందు దాని గాలి మమ్మల్ని అవతలికి నెట్టింది, దాటిపోతూ ఇవతలికి లాగింది. ట్రైలర్ ఊగడం మొదలైంది. ఒక ఊపుకంటే ఇంకో ఊపు పెద్దది. అద్దంలో ట్రైలర్ కుడి పక్క కనిపిస్తుంది, మరుక్షణం ఎడమ పక్క. మా ఆవిడ అరవలేదు, డాష్‌బోర్డు పట్టుకుని "నమశ్శివాయ" అంటూ ఉంది. అదే ఎక్కువ భయమేసింది.

యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ మీట ఒక్కటే చేత్తో నొక్కాను. ట్రైలర్ బ్రేకులు మాత్రమే పడి వెనక్కి లాగినట్టయింది, ఊగడం ఆగింది. కంగారులో కాలి బ్రేక్ గట్టిగా తొక్కి ఉంటే ఇప్పుడు ఇది రాసేవాణ్ణి కాదు.

తప్పు బరువు సర్దడంలో ఉంది, వీల్‌బేస్‌లో కాదు. ఒప్పుకుంటాను. కానీ ఇప్పుడున్న పొడుగు బెడ్ సిల్వరాడోలో అలాంటి ట్రక్ దాటితే బండి ఒకసారి తల ఊపి ఊరుకుంటుంది. శ్రీను అన్నా, సైకిళ్ళు ఉంటే బెడ్‌లో వెయ్యి. ఆరున్నర అడుగుల్లో పెద్ద సైకిల్ నిలువుగా పడుతుంది, టెయిల్‌గేట్ మూసుకుంటుంది. ఐదున్నరలో ఏటవాలుగా పెట్టి కుస్తీ పట్టాలి.

---

హైదరాబాద్_కిరణ్ | రాత్రి 8:10

సారీ, మధ్యలో వస్తున్నా. అరగంట చదివాక కానీ బెడ్ అంటే పరుపు కాదని అర్థం కాలేదు. ఇక్కడ మనకు ఇలాంటి బళ్ళు లేవా?

---

తెనాలి_టు_తల్సా | 8:22

వెనక సామాను వేసే తొట్టి తమ్ముడూ. ఇసుజు డి-మాక్స్ వి-క్రాస్ చూశావా? మన తిరుపతి దగ్గర శ్రీసిటీలోనే తయారవుతుంది. అలాంటిదే, ఇక్కడివి ఇంకా భారీ. మన దగ్గర ట్రాక్టర్ వెనక ట్రక్కు తగిలించి రివర్స్ చేసినవాడికి ఇక్కడ ట్రైలర్ నేర్పక్కర్లేదు. స్టీరింగ్ కింది భాగం పట్టుకో, ట్రైలర్ తోక ఎటు పోవాలో చెయ్యి అటు జరుపు, అంతే.

---

ఫ్రిస్కో_శ్రీను | ఆదివారం, ఉదయం 7:55

అందరికీ థ్యాంక్స్. రాత్రి భోజనాల దగ్గర 1,458 లెక్క కాగితం మీద వేసి చూపించాను. 140 దగ్గర కాస్త చూపులు పడ్డాయి కానీ మిగతాది ఒప్పుకుంది. కాకపోతే కొత్త కోరిక పుట్టింది. "మరి ఫిఫ్త్ వీల్ ట్రైలర్ తీసుకుంటే? లోపల మెట్లు, పైన పడకగది, ఇల్లులా ఉంటుంది" అంటోంది. అప్పుడు పొడుగు బెడ్ సరిపోతుందా?

---

విజయ_శాన్‌ఆంటోనియో | 8:30

చెల్లెలికి చెప్పండి, అది వేరే ప్రపంచం. ఇప్పుడు మీరు చూసిన ట్రైలర్, ట్రక్ వెనక బంపర్ కింద ఉన్న హిచ్‌కు తగులుకుంటుంది, కాబట్టి మలుపులో క్యాబిన్‌కు తగలడమనే బాధే లేదు. ఫిఫ్త్ వీల్ హిచ్ బెడ్ లోపల, వెనక ఇరుసు మీద కూర్చుంటుంది. అక్కడ బెడ్ పొడుగు నిజంగా ప్రాణం మీద మాట. బెడ్ పొట్టిదైతే గట్టి మలుపులో ట్రైలర్ ముందు మూల వచ్చి ట్రక్ వెనక అద్దంలోకి దూరుతుంది. ఎనిమిది అడుగుల బెడ్‌కు భయం తక్కువ. ఆరున్నరకు వెనక్కి జరిగే స్లైడర్ హిచ్ పెట్టుకుంటారు. ఐదున్నరకు వద్దనే చెప్తాను.

పైగా ఫిఫ్త్ వీల్ బరువులో 15 నుంచి 25 శాతం ట్రక్ మీదే. 1,790 పేలోడ్‌తో కుటుంబాన్ని ఎక్కించుకుని అది కుదరదు. ఎఫ్-250 లాంటి ఇంకా పెద్ద ట్రక్ కావాలి. మా వారికీ ఆ కోరిక పుట్టింది, ధర చూసి చల్లారింది.

---

హైవే_బాబాయ్ | 9:02

ఇంకో మాట. గ్లేసియర్ అన్నావు కదా. అక్కడి గోయింగ్ టు ది సన్ రోడ్డు మీద అవలాంచ్ నుంచి రైజింగ్ సన్ దాకా 21 అడుగులు దాటిన బండిని రానివ్వరు, బంపర్లతో కలిపి కొలుస్తారు. ట్రైలర్ క్యాంపులో వదిలేసి ట్రక్‌తో వెళ్తావు, అందరూ చేసేది అదే. నీ పొడుగు బెడ్ 20 అడుగుల 3 అంగుళాల చిల్లర. పడుతుంది. కానీ హిచ్ బాల్ ఉండే బాల్ మౌంట్ తీసి లోపల పడెయ్యి, దాంతో కలిపితే 21కి అంచుకు వస్తావు. వెడల్పు 8 అడుగులు దాటకూడదు, అద్దాలతో సహా. పెద్ద టోయింగ్ అద్దాలైతే మడుచుకో. నాలుగు తలుపుల ఎఫ్-250, ఎనిమిది అడుగుల బెడ్ వాళ్ళు మాత్రం పార్కు షటిల్ బస్సు ఎక్కాల్సిందే.

బిగ్ బెండ్‌లో చిసోస్ బేసిన్ రోడ్డుకు 20 అడుగులు దాటిన ట్రైలర్ వద్దని పార్కు వాళ్ళే చెప్తారు, మలుపులూ నిటారు ఎక్కుళ్ళూ అలాంటివి. కిందనున్న రియో గ్రాండే విలేజ్‌లో పెట్టుకో. కరెంటు, నీళ్ళు, అన్నీ ఉన్న స్థలాలు అక్కడున్నాయి.

---

వరంగల్_రాజు | 9:20

సరే, శ్రీను అన్న సైజుకు పొడుగు బెడ్డే మంచిది, నేనూ ఒప్పుకుంటున్నా. కానీ ఇది చదివే వేరేవాళ్ళకు ఒక్క మాట. ట్రైలర్ 22 అడుగుల లోపు, ఇంట్లో ముగ్గురు, రోజూ డౌన్‌టౌన్ పార్కింగ్ గరాజ్‌లో ఆఫీసు అయితే ఐదున్నర తీసుకోండి. పొడుగు బెడ్ తీసుకుని ఆ గరాజ్ ర్యాంపు మలుపుల్లో నెల రోజులు తిరిగితే నన్ను తలుచుకుంటారు.

---

హైవే_బాబాయ్ | 9:31

దానికి నేనూ ఎదురు చెప్పను.

---

ఫ్రిస్కో_శ్రీను | ఆరు వారాల తర్వాత

ఎక్స్‌ఎల్‌టీ తీసుకున్నాం, ఆరున్నర బెడ్. అరలు పీకాను. సరుకులు మెట్ల కింద గదిలోకి పోయాయి, ఆ గదిలో ఉన్న నా క్రికెట్ కిట్ అటక మీదకు పోయింది. గరాజ్‌లో తాడు కట్టి టెన్నిస్ బంతి వేలాడదీశాను, అద్దానికి బంతి తగిలితే ఆపేయడమే.

బిగ్ బెండ్ వెళ్ళొచ్చాం. బయల్దేరిన రోజు ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ మీద తూచాం, అంతా ఎక్కి కూర్చుని. ముందు ఇరుసు 3,240, వెనక ఇరుసు 3,660, ట్రైలర్ ఇరుసులు 5,860. ట్రక్ 6,900, దాని పరిమితి 7,050. బాబాయ్, 150 మిగిలింది. మీ లెక్క దాదాపు అచ్చుగుద్దినట్టు వచ్చింది. రాజు అన్న చెప్పినట్టు హిచ్ బిగించాక కొంత వెనక్కి పోయిందనుకుంటా, ఎందుకంటే బెడ్‌లో సైకిళ్ళు, జనరేటర్ కూడా ఉన్నాయి. ట్రైలర్ టైర్ల మీద 65 మైళ్ళని రాసి ఉంది, 62 దాటలేదు.

ఫోర్ట్ స్టాక్‌టన్ నుంచి కిందికి దిగుతుంటే పక్క గాలి బాగా కొట్టింది. ట్రైలర్ నెట్టడం చేతికి తెలుస్తోంది, కానీ వరస దాటలేదు. అమ్మ వెనక సీట్లో నిద్రపోయింది. చిన్న బెడ్ అయితే ఎలా ఉండేదో నేను చెప్పలేను, పోల్చడానికి నా దగ్గర రెండోది లేదు.

---

తెనాలి_టు_తల్సా | 20 నిమిషాల తర్వాత

శభాష్. సైకిళ్ళు పట్టాయా నిలువుగా?

---

ఫ్రిస్కో_శ్రీను | 25 నిమిషాల తర్వాత

పట్టాయి అన్నా. దింపేటప్పుడే. పెద్దోడు తొందరపడుతున్నాడు, ట్రైలర్ ఇంకా విప్పలేదు, నేను వెళ్ళి టెయిల్‌గేట్ బటన్ నొక్కాను. సరిగ్గా జాక్ మీద పడింది.

---

వరంగల్_రాజు | 26 నిమిషాల తర్వాత

ఫోటో పెట్టు. నా సొట్ట పక్కన పెట్టి చూద్దాం.